విరాటపర్వమున కొలువు: ప్రియాప్రియ విచారము

ఆంధ్రదేశమున వానలు వెనుకబడినపుడు విరాటపర్వము చదివించుట పూర్వాచారము. దేవాలయ మంటపముననో, రచ్చబండ యొద్దనో పౌరాణికుడు చదివి అర్థము చెప్పుచుండగా వినిన గ్రామీణులకు కీచకవధయు ఉత్తరగోగ్రహణమును కరతలామలకములు. 1963లో వెలువడిన 'నర్తనశాల' చలనచిత్రము ఆ కథను మరల ఇంటింటికి చేర్చినది. ఇంతటి ప్రచారము గల పర్వమును గూర్చి పండితులు వ్రాసినదియు తక్కువ కాదు. తిక్కన నాటకీయత, సంభాషణ చాతుర్యము, రసపోషణము, ద్రౌపదీ పాత్రచిత్రణము అనునవి పలుమారులు చర్చింపబడినవి. అయినను ఈ పర్వమునకు ఆధారభూతమైన ఒక సామాన్య విషయము, మేము చూచినంతలో, ప్రధాన చర్చకు వచ్చినట్లు కానరాదు.

ఆ విషయము కొలువు. అజ్ఞాతవాసమనగా ఒక యేడు ఒకరి యింట పని చేసి బ్రదుకుట. అన్నదమ్ము లైదుగురు, వారి యిల్లాలు, ఈ యార్గురును ఆరు పనులను ఎంచుకొనిరి. ఏలిక యెదుట నిలిచి తమకు వచ్చిన విద్యను చెప్పుకొనిరి. ఆతని కూడు తినిరి. మెప్పు పొందిరి, అవమానములను పొందిరి. మనుష్యుడు తాను చేయు పనిని ఏల ప్రేమించును, ఏల ఏవగించుకొనును అను ప్రశ్నకు మన ప్రాచీన వాఙ్మయమున ఇంత విపులమైన సమాధానము అరుదుగా లభించును. ఆ సమాధానమును పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము. మూలకథకు ప్రధానముగా పూనా భాండార్కర్ ప్రాచ్యపరిశోధన సంస్థ 1936లో రఘువీర సంపాదకత్వమున ప్రకటించిన విరాటపర్వ పరిశోధిత ప్రతిని, తెలుగునకు తిక్కన పర్వమును గ్రహించితిమి. ఒక యంశము మూలమున మాత్రమే స్పష్టముగ నున్నచో 'మూలమున' అని పేర్కొనుచున్నాము.

కొలువును గూర్చి మన కవులు పలికిన మాటలనగానే విద్యార్థులకు ముందుగా స్ఫురించువారు ధూర్జటియు పోతనయు. కృష్ణదేవరాయల యాస్థానకవులలో ఒకడని ప్రసిద్ధి కెక్కిన ధూర్జటి కాళహస్తీశ్వర శతకమున రాజసేవను తీవ్రముగ నిందించెను. పోతన తన భాగవతమును రాజుల కీయక శ్రీరామున కంకితము చేసెను. వీరిరువురి పలుకులును కొలువు వెలుపల నిలిచి, లేక వెలుపలికి రాగోరి, పలికినవి. అందు తిరస్కారము కలదు. కొలువులోని దినచర్య లేదు. తిక్కన మార్గము వేరు. నెల్లూరి ప్రభువైన మనుమసిద్ధి యొద్ద మంత్రిగా నుండిన ఆతడు 13వ శతాబ్దిలో భారతరచనకు పూనుకొని మొట్టమొదట చేపట్టినది విరాటపర్వమే. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును ముట్టక కొలువు కథతో నారంభించిన ఆ మంత్రికవి, నిర్వచనోత్తర రామాయణమును తన ప్రభువున కంకితము చేసినను, భారతమును మాత్రము హరిహరనాథునకు సమర్పించెను. ఇందుండి కవి స్వానుభవమును ఊహించుట సాహసమగును. మే మట్టి సాహసము చేయము. కొలువును లోపలినుండి ఎరిగినవాని చేతికి ఈ కథ వచ్చినదనుట మాత్రము సత్యము.

మొదట పనుల యెన్నికను చూతము. ధర్మరాజు ఒక్కొక్కరిని నీ వేపని చేయగలవని అడుగును. వారు చెప్పిన సమాధానములు ఒక్క తీరుగ లేవు.

నకులుడు తాను గుఱ్ఱముల శిక్షయందును చికిత్సయందును నేర్పరినని చెప్పి, గుఱ్ఱములు తనకు ఎల్లప్పుడు ప్రియములే యని మూలమున స్పష్టముగ పలుకును. సహదేవుడు మఱి యొక యడుగు ముందుకు పోవును. పూర్వము ధర్మరాజు తన్ను గోరక్షణమునకు నియోగించి యుండెననియు, ఆవుల లక్షణములు, చరిత్రములు తనకు పూర్తిగ తెలియుననియు, ఈ పనియందు తనకు సదా ప్రీతి యనియు చెప్పును. మాద్రీపుత్రు లిద్దరి మాటలలోను ప్రియము, ప్రీతి యను పదములు కనబడుట గమనింపదగినది. అజ్ఞాతవాసము వారికి ఒక విధముగ తమకు నచ్చిన పనికి మరలి వచ్చుటయే. వారికి కలిగిన నష్టము పదవి మాత్రమే, పని కాదు.

భీముని మాటలో ప్రీతి పదము లేకున్నను ఉత్సాహము కలదు. వంటలు చేయుదును, కట్టెల మోపులు పెద్దపెద్దవి మోసి తెత్తును, మల్లులు వచ్చినచో పోరాడి రాజును అలరింతును అని ఆతని ప్రతిజ్ఞ. బలమునకు తగిన వ్యయము దొరకుట ఆతనికి చాలును. అర్జునుని మాట మఱియొక తీరు. వింటినారి రాపిడిచే తన చేతులపై కాయలు కాచిన గుర్తులు కలవనియు, వానిని దాచుట కష్టమనియు చెప్పి, కన్యాంతఃపురమున ఆటపాటలు నేర్పెదననును. అనగా ఆతడు కొత్త పనిని చేపట్టుటకు ముందు పాత పని తన మేన వ్రాసిన వ్రాతను కప్పుకొనవలెను. ధర్మరాజు ఎన్నిక యన్నింటను విచిత్రము. రాజ్యమును పోగొట్టిన జూదమే ఆతనికి జీవిక యయ్యెను. అరణ్యపర్వమున బృహదశ్వునివలన అక్షహృదయమును నేర్చిన ఆతడు కంకుభట్టను పేర విరాటుని ద్యూతసభలో చేరుటకు నిశ్చయించెను. ఒకనాటి వ్యసనము నేటి వృత్తి.

ఇక ద్రౌపది. ఆమెను గూర్చి ధర్మరాజు మూలమున చెప్పిన మాట తలపోయదగినది. ఇతర స్త్రీలు చేయు పనులేవియు ఆమె ఎరుగదు. పుట్టినది మొదలు పూలదండలు, గంధములు, నగలు, వస్త్రములు మాత్రమే ఎరుగునని ఆతడు చింతించెను. దానికి ద్రౌపది తన నేర్పును ముందు చెప్పలేదు. తాను పొందబోవు స్థితిని చెప్పెను. లోకమున సైరంధ్రులను స్త్రీలు రక్షకులు లేక పరుల యిండ్ల పని చేయుచుందురు, ఇతర స్త్రీలట్లు పోరని లోకనిశ్చయము అని పలికి, ఆ పిమ్మట తాను కేశసంస్కారమున కుశలురాలనని చెప్పెను. భర్తలు పనిని గూర్చి మాటలాడిరి. భార్య పనిచేయువారికి లోకమున గల చోటును గూర్చి మాటలాడెను. ఈ భేదమే తరువాతి కథకు బీజమని మా యభిప్రాయము.

పనులు నిశ్చయమైన పిమ్మట పురోహితుడు ధౌమ్యుడు సేవాధర్మములను బోధించును. ఈ ఘట్టమందలి పద్యములు మన పాఠశాలలలోను కళాశాలలలోను నీతిపద్యములుగ విడదీసి బోధింపబడుచున్నవి. తనకు తగిన చోటనే కూర్చుండవలెను. ఆవులింత, తుమ్ము, నవ్వు మొదలగువానిని సభలో బయటపడనీయరాదు. రాజుగారి మేడకంటె అందమైన యిల్లు కట్టుకొనరాదు. ఏనుగు మొదలు దోమవరకు రాజు చెంతనున్న యేప్రాణితోను వైరము పెట్టుకొనరాదు. ఎండ యని, వాన యని, ఇల్లని, పరదేశమని, ఆకలి యని, నిద్ర యని అనుకొనక పని చేయవలెను. ఇట్లు సాగు ఆ బోధ తిక్కన చేత ఎంతో సహజమైన తెలుగును సంతరించుకొన్నది. కొలువుచేయు వానికి నేటికిని ఇందలి ప్రతి మాటయు తన కార్యాలయమునుండి ఎత్తి వ్రాసినట్లే తోచును.

ఐతే ఈ పద్యములను కథనుండి విడదీసి చదువుట వలన ఒక పొరపాటు జరుగుచున్నదని మేము తలంచుచున్నాము. విడిగా చదివినపుడు ధౌమ్యుని నియమములు కవి హృదయమువలె కానవచ్చును. మంచి సేవకుడు ఇట్లుండవలెనని కవియే ఆదేశించినట్లు భ్రమ కలుగును. కథతో కలిపి చదివినచో ఆ నియమములు పరీక్షకు నిలుపబడినవిగ తెలియవచ్చును. ధౌమ్యు డిచ్చినది నియమావళి. తరువాతి కథ ఆ నియమావళి కొలువుచేయు వారిని ఎంతవరకు కాపాడగలదను ప్రశ్నకు సమాధానము. ఆ సమాధానము సంతోషకరమైనది కాదు.

మూలమున ధౌమ్యుడు ఉత్తమ సేవకుని లక్షణముగ రెండు మాటలు చెప్పెను. వేడియైనను చలియైనను, రాత్రియైనను పగలైనను, ఆజ్ఞ యైనపుడు సంకోచింపరాదనుట ఒకటి. ఏలిక వేరొకరిని పంపుచుండగా తానే ముందుకు లేచి నేనేమి చేయవలెనని అడుగవలెననుట రెండవది. ఈ రెండింటిని మనస్సున నిలుపుకొని సుధేష్ణ ద్రౌపదిని కీచకుని యింటికి మద్యము తెమ్మని పంపిన ఘట్టమును చదువవలెను. ద్రౌపది పోనని చెప్పెను. కీచకుని నిర్లజ్జత నీ వెరుగుదువు గదా యనెను. నీ యింట ప్రవేశించునపుడు నేను చేసికొనిన సమయమును జ్ఞప్తికి తెచ్చుకొనుమనెను. నీకు దాసీజనము పెక్కుండ్రు కలరు, మఱియొకతెను పంపుమనెను. ఆజ్ఞకు సంకోచింపరాదని గురువు చెప్పెను, శిష్యురాలు సంకోచించెను. వేరొకరిని పంపుచుండగా తాను లేవవలెనని గురువు చెప్పెను. వేరొకరిని పంపుమని శిష్యురాలు చెప్పెను. ధౌమ్యుని ఆదర్శమునకు ఇంత స్పష్టమైన ప్రతివాదము ఈ పర్వమున మరి యొకటి లేదు. అయినను ఆమె ధర్మము తప్పినదని పాఠకులెవ్వరు ననుకొనరు. కవియు అనుకొనలేదు.

ఇచ్చట 'సమయము' అను మాటను విశేషముగ గమనింపవలెను. సమయమనగా ఒడంబడిక. కొలువున చేరునపుడే ద్రౌపది తనకు ఎంగిలి పెట్టరాదు, తనచే కాళ్లు కడిగించుకొనరాదు అని నియమము పెట్టెను. సుధేష్ణ అంగీకరించెను. తక్కినవారు ప్రధానముగ తమ నేర్పును విన్నవించుకొనగా ద్రౌపది తాను చేయని పనులను కూడ ముందుగ చెప్పెను. ఆమె బ్రదుకున గౌరవమునకు మిగిలిన ఆధారము ఆ కాదనగల హక్కొక్కటే. ఆ హక్కును సుధేష్ణ తన తమ్ముని కొఱకు భగ్నము చేసెను. నా యింటినుండి పోవుచున్న నిన్ను వాడు హింసింపడని నమ్మబలికి మూతగల బంగారు పాత్రను చేతికిచ్చి పంపెను. మర్యాదకు పాత్రపై మూత యుండెను. ఒడంబడిక మాత్రము లేకపోయెను.

తరువాత సభలో జరిగినది సర్వవిదితము. కీచకుడు ఆమెను సభలో తన్నెను. ఆమె విరాటుని న్యాయ మడిగెను. మూలమున విరాటు డిచ్చిన సమాధానము ఏకాలమున నైనను ఏలికలు చెప్పు సమాధానమే: మీ యిరువురి కలహము నా పరోక్షమున జరిగినది, నిజ మెరుగక నేనేమి తీర్పు చెప్పగలను అని. తన కన్నులయెదుట పడిన దెబ్బను విడిచి తాను చూడని కలహమును గూర్చి ఆతడు మాటలాడెను. కీచకుడు ఆతనికి సేనాపతి, బావమరది, సైరంధ్రి పరిచారిక. ధౌమ్యుని నియమములు ప్రధానముగా రాజసభలో మెలగు పురుషుని నుద్దేశించినవి. ఏలిక బంధువువలన అంతఃపుర పరిచారికకు వచ్చు ఆపదకు వానిలో విరుగుడు లేదు.

ఆ సభలోనే భర్తలు ఇద్దరు కలరు. భీముడు కోపముతో చెట్టువైపు చూచెను. వంటవానికి కట్టెలు కావలసినచో వెలుపలి చెట్లు చూచుకొనవలెనని ధర్మరాజు వారించెను. ఈ మాటలోని గూఢార్థమును విమర్శకులు మెచ్చుకొనియున్నారు. మేము చెప్పదలచిన దొకటి కలదు. ఆ క్షణమున ధర్మరాజునకు తమ్మునితో మాటలాడుటకు వంటకట్టెల భాష తప్ప వేరు భాష లేదు. ద్రౌపదితో మాటలాడుటకు ఆపాటి భాషయు లేదు. ఆటకత్తెవలె సభలో నిలిచి రాజుల జూదమునకు విఘ్నము చేయుచున్నావని ఆమెను మందలించెను. కొలువు మనుష్యుని వేషమును మార్చుట వింత కాదు, నాలుకను మార్చును. తన యిల్లాలు తన్నులు తినగా జూదమునకు అంతరాయము కలిగినదని పలుకవలసి వచ్చుట కంటె ఘోరమైన ఉద్యోగధర్మమును మేము మరియెచ్చటను చదువలేదు. దీనికి ద్రౌపది ఇచ్చిన ప్రత్యుత్తరమును తిక్కన మూలముకంటె పెంచి, పదును పెట్టెను. నా భర్తయే నటుడైనపుడు నేను ఆటకత్తె నగుట వింతయా, ఆతడు నటుడే కాదు జూదరియు, జూదరి యాలికి గౌరవ మెక్కడిది అని ఆమె పలుకును. కంకుభట్టు ఉద్యోగమును, ధర్మరాజు చరిత్రమును ఒకే వాక్యమున ఎత్తిచూపిన మాట యది.

ఆ రాత్రి వంటశాలలో భీమునితో ద్రౌపది చేసిన విలాపము ఈ విచారమునకు కేంద్రము. ఆమె ఒక్కొక్క భర్తను పేర్కొని, వాని పనిని వర్ణించి దుఃఖించును. వేలమందికి అన్నము పెట్టినవాడు పాచికలాడి బ్రదుకుచున్నాడు. నీవు అంతఃపురమున మృగములతో పోరుచుండగా సుధేష్ణ వినోదించుచున్నది. గాండీవధారి గాజులు తొడిగి బాలికలకు ఆట నేర్పుచున్నాడు. సహదేవుడు గోపాలకుల ముందు నడచుచున్నాడు. నకులుడు రాజునకు గుఱ్ఱములను చూపుచున్నాడు.

ఇక్కడ ఒక చిక్కు కలదు. నకుల సహదేవులు ఆ పనులు తమకు ప్రియములని చెప్పియుండిరి గదా? వారికి లేని దుఃఖము ఆమె కెట్లు కలిగెను? సమాధానము స్పష్టమే. చేయువానికి పని కనబడును. చూచువానికి స్థానము కనబడును. సహదేవునకు ఆవు ముఖ్యము. ద్రౌపదికి ఆవులమంద ముందు నడచువాడు ఎవ్వడను నది ముఖ్యము. తన బిడ్డ చేయు పనిని గూర్చి తల్లిదండ్రులు సిగ్గుపడుటయు, ఆ బిడ్డ ఆ పనియందే సంతోషించుటయు నేటి యిండ్లలోను చూచుచున్నాము. ఇద్దరిలో నెవ్వరును అసత్యమాడుట లేదు.

తన పనిని గూర్చి ద్రౌపది చెప్పినది మాత్రము చూచినదాని మాట కాదు, చేసినదాని మాట. మూలమున ఆమె చూపిన నిదర్శనము చందనము. పూర్వము కుంతికి తప్ప తన మేనికైనను తాను నలుగు నూరుకొని యెరుగనిది, నేడు చందనము నూరి చేతులు కాయలు కాచినవని భీమునకు చూపును. కుంతికి గాని మీకు గాని ఎన్నడును భయపడని నేను, గంధము బాగుగ కుదిరినదో లేదో, రాజేమనునో యని విరాటుని యెదుట భయపడుచు నిలుచుచున్నానని చెప్పును. ఇతరులు నూరినది మత్స్యరాజునకు నచ్చదట యనియు చేర్చును.

ఈ చిన్న విలాపమున మా ప్రశ్నకు పూర్తి సమాధానము కలదు. ద్రౌపది గంధము నూరుటను ఏవగించుకొనలేదు. కుంతికై ఆ పనిని తానే కోరి చేసెను. పని యొక్కటే, చేతు లవే. కొత్తగ వచ్చినది భయము. మఱియు ఏలిక మెప్పు ఆమెకు ఊరట కాలేదు, సంకెల యైనది. ఆమె నేర్పు వలననే ఆ పని మఱియొకరికి పోదు. పనిని నేర్పుగ చేయువానికే పని పెరుగుట కొలువు చేసినవా రందరు నెరిగినదే. పూలు, గంధములు తప్ప వేరెరుగదని ధర్మరాజు చింతించిన సుకుమారికి ఆ గంధమే కాయలు కాచు పని యగుట కథలోని క్రూరమైన పోలిక. ఆ చేతులను భీముడు తన మొగమున కానించుకొని యేడ్చెనని మూలము చెప్పుచున్నది. వేయి ఓదార్పు మాటలకంటె ఆ యేడ్పు విలువగలది. తన కష్టమును నమ్మినవా డొకడు ఆమెకు దొరకెను.

ఇట్టి నమ్మకము అందరిమధ్య నుండదని చూపుటకు కవి మఱియొక సన్నివేశమును కల్పించెను. కీచకులు చచ్చిన పిమ్మట ద్రౌపది నర్తనశాల మీదుగ పోవుచుండగా బృహన్నల ఎట్లు విడుదల పొందితివని అడిగెను. సైరంధ్రితో నీకేమి పని, కన్యాంతఃపురమున సుఖముగ నున్నదానవు, నా దుఃఖము నీకు లేదు గనుకనే నవ్వుచు అడుగుచున్నావని ఆమె యెత్తిపొడిచెను. బృహన్నలయు గొప్ప దుఃఖమును పొందుచున్నది, నీవు తెలిసికొనవు అని ఆతడు బదులు చెప్పెను. ప్రక్కవాని పని సుఖమైనదని తలంచుట కొలువులోని సామాన్య రోగము. అన్యోన్యముగ ప్రేమించుకొను దంపతులకే అది తప్పలేదు.

ఆర్జనమును గూర్చియు ఒక మాట. వీరు తమ కొలువున లభించిన దానిని పంచుకొనిన విధమును మూలము వివరించును. ధర్మరాజు జూదమున గెలిచిన ధనమును విరాటు డెరుగకుండ తమ్ముల కిచ్చును. భీముడు రాజు దయచేసిన భక్ష్యములను, అర్జునుడు అంతఃపురమున లభించిన పాతబట్టలను అమ్మునెపమున అన్నదమ్ములకు చేర్చుదురు. సహదేవుడు పాలు, పెరుగు, నెయ్యి తెచ్చును. నకులుడు గుఱ్ఱముల పనికి రాజిచ్చిన ధనమును తెచ్చును. ఆ పట్టికలో ద్రౌపది పేరు వచ్చినపుడు మాత్రము, ఆమె వారి నందరను చూచుచు, తెలియరాకుండ మెలగెనని చెప్పి కవి యూరకొనెను. ఐదుగురకు పని ఆర్జన మయ్యెను. ఆమెకు చూపు మాత్రమే మిగిలెను. పనియందు ఇష్టము కలుగుటకు తన కష్టఫలమును తనవారికి ఈయగలుగుట ఒక ముఖ్యకారణమని ఈ పట్టిక చెప్పక చెప్పుచున్నది.

పర్వాంతమున రెండు ఘట్టములు ఈ విచారమును ముగించును. మొదటిది కంకుభట్టు గాయము. ఉత్తరుడు కౌరవులను గెలిచెనని విరాటుడు పొంగిపోవుచుండగా, బృహన్నల సారథి యైనపుడు గెలుపున కేమి కొదువ యని కంకుభట్టు అనుచుండెను. విరాటుడు పాచికతో కొట్టెను. ముక్కునుండి నెత్తురు కారెను. ద్రౌపది దానిని నేల పడనీయలేదు. ఒక యేడు ధౌమ్యుని నియమములను తు చ తప్పక పాటించిన ధర్మరాజు తుదిదినములలో, ఏలికకు రుచింపని సత్యమును మాటిమాటికి పలికెను. ద్రౌపది కాదనిన మాటను మందలించినవాడే తానును ఏలిక మాట కాదని దెబ్బ తినెను. ఆమె యవమానమునకు ఆతడు చెల్లించిన ఋణము వలె మాకీ ఘట్టము తోచును.

రెండవది అర్జునుని నిరాకరణము. వేషములు తొలగిన పిమ్మట విరాటుడు ఉత్తరను అర్జునున కిచ్చి వివాహము చేయ నెంచెను. అర్జునుడు ఒప్పుకొనలేదు. తా నామెకు ఆటపాటలు నేర్పినవాడననియు, ఆమె తన్ను ఆచార్యునిగ చూచుననియు, తండ్రివలె నమ్మియున్నదనియు చెప్పి, కుమారుడైన అభిమన్యునకు కోడలిగ స్వీకరించెను. ఈ మాటను లోకాపవాద భీతిగ మాత్రమే వ్యాఖ్యానించుట కలదు. లోకశంక అర్జునుని మాటలలో ఉన్నమాట నిజమే. దానితోపాటు మఱియొక సత్యము కలదు. బృహన్నల యనునది వేషము. నర్తనాచార్యత్వము వేషము కాదు. గాజులు తీసిన పిమ్మటను గురుత్వము తీయరాక నిలిచెను. ఇష్టముతో గాక అవసరముచే పూనిన పనియే అయినను, ఒక యేడు శ్రద్ధతో చేసినందున అది ఆతని బ్రదుకున నిజమైన సంబంధమును నిర్మించెను. ఆరు కొలువులలో వేషము ముగిసిన తరువాతను బంధముగ మిగిలినది ఈ యొక్కటే.

ఇంతకును వీరు రాజవంశీయులు, కొలువు వారికి నాటకము. కావున నిజముగ కొలువు చేయువారి సుఖదుఃఖములకు ఈ కథ ప్రమాణము కానేరదని కొంద రాక్షేపింపవచ్చును. ఈ యాక్షేపమున కొంత బలము కలదు. వారికి గడువు తెలియును. ఒక యేటికి కొలువు ముగియును. నిజమైన పరిచారికకు అట్టి గడువు లేదు; ఆమెను తన్నిన కీచకుని చంపుటకు వంటశాలలో భీముడును లేడు. ఐనను చేతులకు కాచిన కాయలు నాటకము కావు, ముక్కునుండి కారిన నెత్తురు నాటకము కాదు. పైగా, గడువు తెలిసిన రాజపుత్రికే ఆ భయము దుర్భరమైనచో గడువు లేనివారి స్థితి యెట్టిదో పాఠకుడే ఊహించుకొనును. ఆ యూహకు ద్వారము తెరచుటయే కవి చేసిన ఉపకారము.

పై చర్చవలన తేలిన యంశము లివి. విరాటపర్వమున పనియొక్క ప్రియత్వము మూటి వలన కలుగుచున్నది: తనకు వచ్చిన విద్య వినియోగపడుట వలన, తన ఫలము తనవారికి చేరుట వలన, పని మూలమున మనుష్యులతో నమ్మకము గల బంధ మేర్పడుట వలన. అప్రియత్వమునకు మూల మొక్కటే: కాదనుటకు వీలులేమి. పని హీనమగుట వలన గాదు, శ్రమ అధికమగుట వలన గాదు. ఆవులు కాచినవాడు సంతోషముగ నుండెను; గంధము నూరినది ఏడ్చెను.

కావున ధౌమ్యుని బోధను పాఠ్యభాగముగ నుంచు అధ్యాపకులకు మా మనవి యొకటి కలదు. మేమును కొలువులో నున్నవారమే. ఆ నియమముల యుపయోగమును కాదనము. ఐతే వానిని బోధించిన మరునాడు సుధేష్ణ యాజ్ఞకు ద్రౌపది ఇచ్చిన సమాధానమును కూడ తరగతిలో చదివింపవలెను. ఎట్లు మెలగవలెనో మొదటి పాఠము నేర్పును. ఎచ్చట ఆగవలెనో రెండవది నేర్పును. మన విద్యార్థులలో పెక్కురు రేపు ఎవ్వరి యింటనో, ఏ కార్యాలయముననో కొలువు చేయబోవువారే గనుక, ఒక పాఠమును మాత్రమే వారి చేతికిచ్చి పంపుట న్యాయము కాదు.